గుట్ట ఎక్కిన మట్టి

పెనిమిటి పేరు నోటితో పలకకూడదంటారు. నేను పలుకుతాను. హనుమాండ్లు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్త బతికున్నన్నాళ్ళూ నా నోరు కట్టేసింది. ఇప్పుడు తగ్గడానికి ఆయన దగ్గర ఏం మిగిలిందని భయపడాలి?

అయినా అమీర్‌పేటలో ఉత్త హనుమాండ్లు అని అడిగితే ఎవరూ మా ఇల్లు చూపించరు. పెంట హనుమాండ్లు అనాలి. బేగంపేట సడక్ మీద టాంగా గుర్రం లద్దె వేసిందంటే, అది చల్లారేలోపు మా ఆయన గంపలో పడాల్సిందే. ఎద్దు పేడ, మేక పెంటికలు, రాలిన ఆకు, కాలిన బూడిద, ఏదీ వదిలేవాడు కాదు. మీద విమానం గీపెడుతూ పోతుంటే ఊరంతా మెడలు పైకెత్తి చూసేది. మా ఆయన చూపు మాత్రం నేల మీదే ఉండేది. నేను కూరగాయల గంప ఎత్తుకుని ఖైరతాబాద్ బజారుకు పోతే, అక్కడి ఆడవాళ్ళు నన్ను పెంటోళ్ల రుద్రమ్మ అనేవారు. మొదట్లో వాళ్ళ జుట్లు పట్టుకోబోయాను. తర్వాత తర్వాత మా గోబీ పువ్వు కోసం వాళ్ళే ఎదురుచూడటం మొదలుపెట్టారు కాబట్టి ఊరుకున్నాను.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ భూమి ఎట్లా ఉండేదో చెబితే నమ్మరు. అమీర్‌పేట ఇళ్ళు దాటి పంజాగుట్ట వైపు ఎక్కుతుంటే వాలులో ఉంటుంది. పార వేస్తే ఠంగుమనేది. తెల్లటి మొరం, మధ్య మధ్య బండలు. మక్తా అంతా, అంటే ఆ చుట్టుపక్కల భూములన్నీ దొరవి. ఎవరూ పట్టించుకోని ఆ ముక్కను మా మామకు కౌలుకిచ్చారు. మా మామ ఉలవలు చల్లి, వచ్చినన్ని వచ్చాయని దండం పెట్టేవాడు. మా ఆయన ఆ రకం కాదు. రాళ్ళన్నీ ఏరి వాలుకు అడ్డంగా కట్టలు పేర్చాడు, వాన నీళ్ళు పరుగెత్తకుండా. ఎండాకాలం కింద కుంట ఎండిపోతే అందులోని ఒండ్రుమట్టి తవ్వి పైకి మోయించాడు. అప్పట్లో బండి ఎక్కే దారి లేదు, అంతా నెత్తి మీదే. నా నడినెత్తిన జుట్టు ఊడిందంటే ఆ గంపల పుణ్యమే.

వానలు పడగానే జనుము చల్లేవాడు. అది నడుమెత్తు పెరిగి, పువ్వు తొడిగేలోపే నాగలి పెట్టి దున్ని మట్టిలో కలిపేసేవాడు. నవనవలాడే పచ్చటి పైరును అట్లా తొక్కేస్తుంటే చూడలేక నేను ఇంటికి వచ్చేసేదాన్ని. ఊరు నవ్వేది. పంట కోసిన తర్వాత గొల్ల మొగిలయ్యను బతిమాలి తెచ్చి, గొర్రెల మందను మా చేనులో కట్టించేవాడు. మొగిలయ్యకు అన్నం పెట్టి, జొన్నలిచ్చి పంపాలి. మా తిండిలోంచే తీసి ఇవ్వాలి. గొర్రెలు పడుకున్న చోట అవి వదిలిన పెంట, మూత్రం, అన్నీ మట్టికే. కానుగాకు కొట్టి గుంతలో వేసి మురగబెట్టేవాడు. నా పొయ్యిలోని బూడిద సైతం నాది కాదు. పొద్దున లేచి నా మొహం చూడకముందే చేను మొహం చూసేవాడు. సవతి ఉన్నా ఇంత కోపం వచ్చేది కాదు నాకు.

ఒకనాడు దున్నుతూ దున్నుతూ ఆగి నన్ను పిలిచాడు. పోయి చూస్తే సాలులో ఎర్రలు, ఎన్నడూ లేని వానపాములు, ఒకదాని మీద ఒకటి పొర్లాడుతున్నాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"అచ్చినయ్ రుద్రీ" అన్నాడు. "మనం పిలువలే. అవే అచ్చినయ్."

ఆ రోజు నాకూ సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఏడ్చాను కూడా. మాకు పిల్లలు నిలవలేదు. భూమి దొరది, బావి దొరది, మేముండే గుడిసె నిలబడ్డ జాగా దొరది. ఇది మాది అని చెప్పుకోవడానికి మాకున్నది ఆ మట్టి ఒక్కటే. కొత్త కోడలిగా వచ్చిన నేను తల నెరిసి నిలబడేనాటికి మోకాలి లోతు నల్లటి మట్టి అయింది. కాలు పెడితే దిగేది. పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలేది. చెప్పులతో ఎవరైనా చేనులోకి వస్తే, నోట్లో నాలుక లేని మా ఆయన కూడా కసిరేవాడు.

జర్మనోళ్ల లడాయి మొదలైన ఏడు దొర పట్నం లోపలి ఇల్లు వదిలి, గాలి బాగుంటుందని పంజాగుట్ట మీద బంగ్లా కట్టుకున్నాడు. రాళ్ళు, సున్నం, దూలాలు ఎక్కించడానికి మా చేను పక్కనుంచే దారి వేశారు. దారి పడింది కదా, ఇక కూరగాయలు బండి మీద తీసుకుపోవచ్చని నేను మురిసిపోయాను. నా మురిపెం తగలెయ్య.

బంగ్లా తోటకు పెద్దమాలిగా విజయరత్నాన్ని పెట్టారు. అమీర్‌పేటలోనే ఉండేవాడు. ఆదివారం తెల్లటి అంగీ తొడుక్కుని, భార్య జీవమణిని వెంటబెట్టుకుని చర్చి గుడికి పోయేవాడు. మిగతా రోజులు బంగ్లాకు పోతూ వస్తూ మా గట్టు మీద కూర్చునేవాడు. చెప్పులు గట్టు బయటే విడిచేవాడు. ఆ ఒక్క మర్యాదకే మా ఆయన అతనికి దాసోహమైపోయాడు. ఇంట్లో నాతో ఉప్పు కావాలని అడగడానికి కూడా బద్ధకించే మనిషి, విజయరత్నంతో గంటల తరబడి మాట్లాడేవాడు. ఏం మాటలంటే, ఆకు ఎన్ని వానలకు మురుగుతుంది, గొర్రె ఎరువు వేడిచేస్తుందా, ఇవే. దొర బెంగళూరు నుంచి తెప్పించిన గులాబీలు మొరంలో నాటితే ఒక్కొక్కటే ఎండిపోతున్నాయని విజయరత్నం దిగులుపడేవాడు.

బంగ్లా గృహప్రవేశానికి మక్తాలోని కౌలుదార్లందరూ డాలీ పట్టుకుని రావాలని కబురు వచ్చింది. డాలీ అంటే తెలుసు కదా, చేతికొచ్చిన దాంట్లో మేలైనది ఏరి, గంపలో పెట్టి, పైన ఆకు కప్పి దొర కాళ్ళ ముందు పెట్టడం. అది ఎప్పట్నుంచో ఉన్నదే. మా ఆయన ఉన్నవాటిలో పెద్ద గోబీని చూసుకున్నాడు. కోయలేదు. చుట్టూ తవ్వి, వేళ్ళతో సహా, మట్టి ముద్దతో సహా పైకి లేపి, తడి గోనెలో చుట్టాడు.

"కోసి గంపల వెట్టు, సాలు" అన్నాను. "మట్టి ఎందుకు? మోసేది నేను."

"కోస్తే ఆడికి వోయేసరికి వాడిపోతది. బతికున్నదాన్ని జూపిద్దం."

"దొర పువ్వు జూస్తడు గని నీ మట్టి జూస్తడా?"

"సూడనీ" అన్నాడు. నన్ను కాదు, గోనె మూటను చూస్తూ అన్నాడు. ఇన్నేళ్ళూ ఊరంతా పెంట హనుమాండ్లని నవ్వింది కదా, ఒక్కసారి ఒక పెద్దమనిషి కళ్ళ ముందు దాన్ని పెట్టాలని ఆశ పుట్టింది. ఆ ఆశను నేనెట్లా తప్పుపట్టను? మూట ఎత్తుకుని వెంట నడిచాను.

బంగ్లా వరండాలో అందరం వరసగా నిలబడ్డాం. పక్క కౌలుదారు బుచ్చమ్మ జామకాయలు తెచ్చింది. మొగిలయ్య గొర్రెపిల్లను తెచ్చాడు. దొర చెడ్డవాడేం కాదు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. మా దగ్గర ఒక మర్యాద ఉంది. దొర దేన్నైనా చూసి బాగుందన్నాడంటే, వెంటనే "తమదే దొరా" అనాలి. అప్పుడు దొర "నీ దగ్గర్నే ఉండనీ" అంటాడు. అంతకు ముందు దసరాకు మొగిలయ్య గొంగడి బాగుందంటే మొగిలయ్య తమదే అన్నాడు, దొర నవ్వి వాడి దగ్గరే ఉండనిమ్మన్నాడు. అందుకే ఎవరికీ ఆ మాట అనడానికి భయం లేదు. తుమ్మితే ఎవరో ఒకరు చిరంజీవ అన్నట్టే అది.

మా వంతు వచ్చింది. గోనె విప్పగానే గోబీ కింద మట్టి ముద్ద విచ్చుకుని, తెల్లటి బండల మీద పడింది. కొంగుతో ఊడ్చబోయాను. దొర చెయ్యి అడ్డంపెట్టాడు. తనే వంగి పిడికెడు తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు. అందులోంచి ఒక ఎర్ర బయటికి వచ్చి అరచేతిలో పాకింది. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఈ మట్టి యాడిది?" అన్నాడు.

అంతే. నోట్లో నాలుక లేని మనిషికి ఆ రోజే నాలుక మొలిచింది. కుంట మట్టి దగ్గర మొదలుపెట్టి, జనుము, కానుగాకు, మొగిలయ్య మంద, ఏదీ వదలకుండా చెప్పాడు. ఇదివరకు ఇక్కడ ఏమీ లేదు, ఇది పుట్టిన మట్టి కాదు, మేం చేసిన మట్టి అన్నాడు. దొర వెనకాల నిలబడ్డ విజయరత్నం చాలు చాలన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. నేను వెనకనుంచి అంగీ పట్టుకుని లాగాను. ఎవరు వింటారు?

"మస్తు తయారు జేసినవ్ హనుమాండ్లూ" అన్నాడు దొర. "గింత మంచి మట్టి నేనేడ సూడలే."

"తమదే దొరా" అన్నాడు మా ఆయన.

దొర, నీ దగ్గరే ఉండనీ అనలేదు. ఎండిపోయిన గులాబీల వైపు ఒకసారి చూశాడు. "సంతోషం" అన్నాడు. తర్వాతి మనిషిని పిలిచారు.

ఇంటికి దిగి వస్తున్నంతసేపూ ఆయన కాళ్ళు నేల మీద లేవు. "సూసినవా, చేత్తోని వట్టుకున్నడు. వాసన సూసిండు" అని ఒకటే మాట.

"సూసిన" అన్నాను. "నీ దగ్గర్నే ఉండనీ అనలే."

"మర్సిపోయిండు తియ్."

మరిచిపోయి కాదని నాకప్పుడే అనుమానం వచ్చింది. కానీ ఆ మొహంలోని వెలుగు చూసి ఇంకో మాట అనలేకపోయాను.

కొన్నాళ్ళకు దొర లెక్కలు చూసే మున్షీ రాజనర్సయ్య మా గట్టు మీదికి వచ్చాడు. చెప్పులతోనే చేనులోకి దిగాడు.

"దొర గులాబీ తోటకు గీ మట్టి గావాలన్నడు" అన్నాడు. "గోబీ కోసుకునేదాక ఆగుతం. దయగల దొర."

నాకు ముందు అర్థం కాలేదు. "ఎన్ని గంపలు?" అని అడిగాను, నా పిచ్చి మొహం. రెండో మూడో గంపలు ఇచ్చి దండం పెట్టొచ్చనుకున్నాను.

"గంపలేంది? బండ్లు వస్తయ్. ఉన్నదంత."

"మట్టంత దీస్కపోతే భూమి యాడుంటది?"

"భూమి యాడికి వోతది రుద్రమ్మా? భూమి మీకే ఉంటది. కౌలు సుత పెంచం. పైన మట్టి ఒక్కటే."

ఒంటికాలి మీద లేచాను. "ఆ మట్టి మేం జేసినం. మా రెక్కలతోని జేసినం."

రాజనర్సయ్యకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, ఎదురు తిట్టేదాన్ని. పిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. "జేసినవ్. కాదంటున్ననా? దొర భూమి మీద జేసినవ్. దొర కుంటలకెంచి మట్టి తెచ్చినవ్. దొర బాయి నీళ్ళు వోసినవ్. దాంట్ల నీది ఏమున్నదో జెప్పు, గది నువ్వు ఉంచుకో. పైగా మీ ఆయన పదిమందిల తమదే అన్నడు. నేను సుత ఇన్న."

మా రెక్కలు, నా ఊడిన జుట్టు, మొగిలయ్యకు పెట్టిన జొన్నలు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. వేరు చేసి చూపించమంటే ఎట్లా చూపించను? మా ఆయన వైపు చూశాను, ఏదైనా అంటాడని.

"ఎప్పుడొస్తరు మున్షీ సాబ్?" అని మాత్రం అడిగాడు.

ఇక మగవాళ్ళతో అయ్యే పని కాదని నేనే బంగ్లాకు పోయాను. దొరసానమ్మ కాళ్ళు పట్టుకుందామని పోయాను. ఆవిడ కాళ్ళు పట్టుకోనివ్వలేదు. కూర్చోబెట్టింది, చాయ పోయించింది, నేను చెప్పిందంతా అడ్డుచెప్పకుండా విన్నది. విని నా చెయ్యి నిమిరింది.

"మట్టేగదా రుద్రమ్మా. మళ్ల జేసుకుంటరు. మీ చేతులల్ల ఆ గుణమున్నది" అన్నది. తర్వాత నన్ను తోటలోకి తీసుకుపోయి ఎండిన గులాబీ కట్టెలు చూపించింది. చూపిస్తుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు. పోయేటప్పుడు, చలికాలం కదా అని ఒక శాలువా నా భుజాల మీద కప్పింది. నేను దండం పెట్టాను. సల్లగుండు దొరసాని అన్నాను. అవును, నా నోటితో నేనే అన్నాను. గేటు దాటాక నా మీద నాకే పుట్టిన మంట ఇంతా అంతా కాదు. ఒక్క చెడ్డ మాట అన్నా, గెంటేసినా, ఇంటికి వచ్చి దుమ్మెత్తి పోసేదాన్ని. చాయ ఇచ్చి, శాలువా కప్పి, కంటతడి పెట్టిన మనిషిని ఏమని తిట్టను?

పొద్దుగూకే వేళకు విజయరత్నం వచ్చాడు. గట్టు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"అన్నా, నేను జెప్పి సూసిన. గులాబీలకు గింత బలమైన మట్టి అక్కర్లే అన్న. జర మట్టి, జర ఇసుక గలిపినా సరిపోతది అన్న. దొర ఇంటలేడు. నౌకరీ పోతదని ఎక్కువ మాట్లాడలే. నిజం జెప్తున్న. జీవమణి, నేను ప్రార్థన జేస్తున్నం."

"మేం మైసమ్మకు మొక్కినం" అన్నాను. "మీ ప్రభువు, మా మైసమ్మ, ఇద్దర్ని సుత బంగ్లా గేటు కాన్నే ఆపేసినట్టున్నరు."

అతను నవ్వలేదు. మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. మా బాధకు అతన్ని ఓదార్చాల్సి వచ్చింది చూడండి.

గోబీ కోత అయిపోయింది. బండ్లు వచ్చాయి, ఆ కొత్త దారినే. గడ్డపారలు, పారలు పట్టుకుని కూలీలు దిగారు. మా ఆయన గట్టు మీద మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళు ఇష్టమొచ్చినట్టు తవ్వుతున్నారు. పైమట్టి, అడుగుమట్టి అన్నీ కలగాపులగం చేసి బండిలోకి విసిరేస్తున్నారు. తవ్విన మట్టి ఎండకు తెల్లబారుతోంది. చూస్తూ చూస్తూ మా ఆయన లేచాడు. గబగబా నడిచి ఒక కూలీ చేతిలోని పార లాక్కున్నాడు.

కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. నేనూ ఒక రాయి అందుకున్నాను, ఏమైతే అదే అవుతుందని.

"గట్ల గాదు బిడ్డా" అన్నాడు ఆ కూలీతో. "పైది పైననే ఉండాలె, కిందిది కింద. గలిపితే సస్తది. ముందు ఇది దియ్యి, వేరే బండ్ల ఎయ్యి. మీద తడి గోనె కప్పు, ఎండ తగలనియ్యకు."

నా చేతిలో రాయి అట్లాగే ఉండిపోయింది.

బండ్లు తిరిగినన్నాళ్ళూ ఆయనే దగ్గరుండి ఎత్తించాడు. బావిలో నీళ్ళు తోడి గోనెలు తడిపాడు. పొరలు పొరలుగా, బాలింతను మంచం మీద నుంచి లేపినంత జాగ్రత్తగా తీయించాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "సిగ్గు లేదా అయ్యా నీకు, నీ ఇల్లు దోస్తుంటే దొంగలకు దీపం వడ్తున్నవ్" అని అరిచాను.

"దీస్కపోయేటోళ్లు ఆగుతరా రుద్రీ?" అన్నాడు. "దీస్కపోతే దీస్కపోనీ. సంపకుంట దీస్కపోనీ."

బండ్ల వెనక నడిచాడు. దారి గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా కొంత మట్టి ఒలికేది. దాన్ని పంచె చెంగులోకి ఎత్తుకునేవాడు. పోనీ, అదైనా ఇంటికి తెస్తాడు, ఒక మడికైనా సరిపోతుంది అనుకున్నాను. బండి దగ్గరికి పరుగెత్తి, అందులోనే పోశాడు. అది చూసిన తర్వాత నేను ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

మిగిలింది మొరం. నేను కొత్త కోడలిగా వచ్చి చూసిన అదే తెల్లటి మొరం. ఆయన పేర్చిన రాతి కట్టలు మాత్రం అట్లాగే ఉన్నాయి, కాపాడటానికి ఏమీ లేకుండా. వానాకాలం మొదటి వాన అటు పడి ఇటు జారిపోయింది. అంతకు ముందు ఎండాకాలం కుంట ఎండినప్పుడే నేను గంప తీసుకుని దిగాను. "లే, మళ్ల మొదలువెడ్దం" అన్నాను. ఆయన లేవలేదు.

"మళ్ల జేస్తే మళ్ల దీస్కపోతరు. దొర కొడుక్కు బంగ్లా కట్టరా? ఆ బంగ్లాకు తోట ఉండదా? అయినా నాకింకెన్నేండ్లున్నయే?"

ఒక్కదాన్నే కొన్ని గంపలు మోశాను. ఆ మొరం మీద అవి ఎక్కడ పోశానో నాకే కనిపించలేదు. మానేశాను. మా మామ లాగే ఉలవలు చల్లాం. నేను బేగంపేట సడక్‌కు కంకర కొట్టడానికి పోసాగాను. విజయరత్నం పాపం, మా ఆయన్ను తోటలో చేతికింద మాలిగా పెట్టుకుంటానని మున్షీని అడిగాడు. కౌలుదారు మాలి అయితే ఆ మొరం ఎవడు దున్నుతాడు, కౌలు ఎవడు కడతాడు అన్నాడట రాజనర్సయ్య. గేటు లోపలికి కూడా రానివ్వలేదు.

ఆయన మాట్లాడటం మానేశాడు. తింటాడు, పడుకుంటాడు, గుట్ట వైపు చూస్తాడు. అట్లా ఏడాది దాటిపోయింది. ఆ తర్వాత ఒకరోజు తెల్లవారకముందే లేచి, మూలన పడేసిన గంప తీసుకుని బయటికి పోయాడు. ఎండెక్కాక ఖాళీ గంపతో వచ్చాడు. చేతులు పెంట వాసన. ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు. మనిషి మళ్ళీ మనిషయ్యాడు, మళ్ళీ ఏరుకొస్తున్నాడు అనుకున్నాను. రోజూ పోతున్నాడు, రోజూ వస్తున్నాడు. చేనులోకి పోయి చూస్తే ఎక్కడా కుప్ప లేదు. గుంతలో పిడికెడు ఎరువు లేదు.

మర్నాడు వెంటపడి పోయాను. సడక్ మీద లద్దె ఏరాడు, మేకలు పండుకునే చోట పెంటికలు ఊడ్చాడు. గంప నిండాక గుట్ట ఎక్కాడు. బంగ్లా ముందుకు పోలేదు, వెనక గోడ దగ్గరికి పోయాడు. గోడకు ఒక చోట రాయి సందుంది. దానికి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత గంపలోంచి పిడికెడు పిడికెడు తీసి గోడ మీంచి లోపలికి విసురుతున్నాడు. గోడ ఎత్తు, ఆయన చెయ్యి ముసలిది. సగం వెనక్కి వచ్చి ఆయన నెత్తి మీదే పడుతోంది.

"ఏం జేస్తున్నవయ్యా?" అన్నాను.

ఉలిక్కిపడలేదు. నేను వస్తానని తెలిసినట్టే ఉన్నాడు. "దానికి ఆకలైతుంది రుద్రీ" అన్నాడు. "ఇంగ్లీషోళ్ల సీమ నుంచి వచ్చిన తెల్ల ఎరువు పొడేదో సల్లుతుర్రు. పువ్వు మస్తు పూస్తుంది. మట్టి గట్టివడ్తుంది. ఇటు రా, సూడు. ఎర్రలు లేవు."

సందులోంచి చూశాను. ఎర్రటి గులాబీలు, ఒక్కొక్కటి నా పిడికిలంత. వాటి కింద మా మట్టి. నాకు గుర్తు పట్టడానికి ఒకరు చెప్పాలా? పైన పెంకు కట్టి, నెర్రెలు విడిచి ఉంది.

ఇంటికి ఈడ్చుకుపోదామని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి ఎంత సన్నబడిందో అప్పుడే తెలిసింది. వదిలేసి, గంప తీసుకున్నాను. కంకర కొట్టిన చేతులు నావి, బలంగానే ఉన్నాయి. గోడ మీంచి ఒక్క విసురు విసిరితే లోపల మడి మధ్యలో పడ్డది. "ఆ మూలకు" అన్నాడు ఆయన, సందుకు కన్ను ఆనించి. ఆ మూలకు విసిరాను.

అట్లా విసురుతుండగా చౌకీదారు పట్టుకున్నాడు. ఇద్దర్నీ మున్షీ ముందు నిలబెట్టాడు. విజయరత్నం కూడా చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"దొర తోటల పెంట ఇసురుతుర్రా?" అన్నాడు రాజనర్సయ్య, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. దెబ్బలు తప్పవనుకున్నాను.

"తప్పు వట్టకుండ్రి మున్షీ సాబ్" అన్నాడు విజయరత్నం గబగబా. మమ్మల్ని తప్పించాలన్న ఆత్రం అతని మొహంలోనే ఉంది. "అది పాడు జేసేది గాదు. గులాబీలకు గదే గావాలె. గీ నడుమ పువ్వు గంత మంచిగ వస్తుందంటే దీంతోనే. మనం పైసలు వెట్టి కొన్నా గసుంటిది దొరకదు."

రాజనర్సయ్య రుమాలు తీశాడు. గంప వైపు, గులాబీల వైపు చూశాడు.

"గట్లనా" అన్నాడు. "అయితే రేపటి సంది రోజూ ఒక గంప తేవాలె. గోడ మీంచి గాదు, ఎనక తలుపు కాడ వెట్టి పోవాలె. వానొచ్చినా జరమొచ్చినా నాగా వెట్టొద్దు. ముసలోడు లేవకుంటే నువ్వు తే. మీ తర్వాత ఆ భూమి ఎవలు దున్నితే ఆళ్లు తెస్తరు."

వెట్టి. ఊళ్ళో కుమ్మరి కుండలు, గొల్లవాళ్ళు గొర్రెపిల్లలు ఊరికే ఇచ్చుకోవాల్సిన వెట్టి, గుట్ట వాలులో ఉన్న మా జోలికి అన్నాళ్ళూ రాలేదు. ఆ రోజు వచ్చింది. విజయరత్నం తల వంచుకుని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. అతన్ని ఏమంటాను? మంచి చేయబోయాడు.

మా ఆయన రెండు చేతులూ జోడించాడు. "ఎనక తలుపు అంటే, గులాబీల పక్కకున్న తలుపేనా మున్షీ సాబ్?" అని అడిగాడు.

"గదే."

ఆయన నవ్వాడు. మట్టి పోయిన తర్వాత ఆ మొహం మీద నవ్వు చూడటం అదే మొదటిసారి. గుట్ట దిగుతుంటే నాకంటే ముందు నడిచాడు, ఆ వయసులో అంత వడి ఎక్కడిదో.

"రోజూ సూడొచ్చు రుద్రీ" అన్నాడు వెనక్కి తిరిగి. "తలుపు కాడికెంచి మంచిగ గనవడ్తది."

ఏడవాలో, ఆయన్ను పట్టుకుని కొట్టాలో నాకు తెలియలేదు. సడక్ మలుపులో ఒక టాంగా మమ్మల్ని దాటిపోయింది. గుర్రం లద్దె వేసింది. ఆయన ఇంకా గుట్ట వైపే చూస్తున్నాడు. గంప నా చేతిలో ఉంది. నేనే వంగి ఎత్తాను.